పాత సామాను అన్నారు కదా: గార్డెన్ గ్రోవ్ ఆర్గన్ గురించి మన తెలుగు కాథలిక్ కుటుంబాలకు ఒక బహిరంగ లేఖ

దక్షిణ కాలిఫోర్నియాలో ఉంటున్న తెలుగు కాథలిక్ అన్నలకూ, అక్కలకూ, తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ,

నమస్కారం. మొన్న ఈస్టర్ తర్వాత మనమంతా ఒకచోట చేరి వండుకుని తిన్న రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మాటల్లో మాటగా గార్డెన్ గ్రోవ్ ఊళ్లోని క్రైస్ట్ కథెడ్రల్ సంగతి, గొట్టాల్లోకి గాలి పోయి పలికే అక్కడి పెద్ద వాద్యం ఆర్గన్ సంగతి వచ్చింది. మనలో ఒక అన్నయ్య, "అన్ని కోట్లు పోసి గుడి బాగుచేసుకున్నారు గానీ ఆ ఆర్గన్ మాత్రం పాత సామానే కదా, టీవీ చర్చి వాళ్లు వదిలేసి పోయింది" అన్నారు. ఇంకొకరు, "ఈ రోజుల్లో ఒక మంచి కీబోర్డు, రెండు స్పీకర్లు పెడితే సరిపోదూ?" అన్నారు. అందరూ తలూపారు. నేను చేతిలో పళ్లెం పట్టుకుని ఏమీ అనకుండా ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడు చెప్పవలసింది ఇప్పుడు రాస్తున్నాను. ఆ అన్నయ్య మీద నాకు కోపం లేదు. ఆయన అన్న మాటలో సగం నిజమే. అది పాతదే. ఒకరి తర్వాత ఒకరి చేతులు మారి వచ్చిందే. నేను చెప్పదలచుకున్నది ఆ మిగతా సగం.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది పల్నాడులో చిన్న ఊరు. మా నాన్న అక్కడి ఆర్.సి.యం. గుడిలో ఉపదేశి. గురువులు నెలకు రెండుసార్లు వచ్చి పూజ చేసేవారు, మిగతా ఆదివారాలు నాన్నే ప్రార్థన నడిపేవాడు. గుడిలో ఒక హార్మణీ పెట్టె ఉండేది. పక్క ఊళ్లో ఒక నాటక సమాజం మూతపడితే, వాళ్లు సామాను అమ్ముకుంటుంటే, నాన్న గుడి కోసం ఆ పెట్టె కొన్నాడు. దాని మీద ఊళ్లో పెద్ద గొడవే అయింది. కాటిసీను పద్యాలకు పలికిన పెట్టెను దివ్యబలిపూజలో ఎలా వాయిస్తారని కొందరు పెద్దలు అలిగి రెండు వారాలు గుడికి రాలేదు. మా విచారణ (చుట్టుపక్కల గుళ్లన్నీ కలిసిన పరిధి) చూసే గురువు వచ్చి, అందరి ముందూ దాని మీద తీర్థజలం చల్లి, ఇక నుంచి ఇది గుడిదే అన్నారు. గొడవ సద్దుమణిగింది.

ఆ పెట్టె తెల్ల మెట్ల మీద నడిమి స్థాయిలో చిన్న చిన్న గుంటలు ఉండేవి. ఎవరో ముఖం తెలియని హార్మనిస్టు ఏళ్ల తరబడి వాయించి అరగదీసిన గుంటలు. నాన్న వేళ్లు సరిగ్గా వాటిలోనే దిగేవి. చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని తిత్తి నొక్కుతూ ఆ గుంటలకేసి చూసేదాన్ని. మన గుడి పాటకు మనం చూడని మనిషి ఎవరో దారి వేసి పోయాడని అప్పుడే అనిపించేది.

ఇప్పుడు గార్డెన్ గ్రోవ్ సంగతికి వస్తాను.

ఆ ఆర్గన్‌లో ఒక పెద్ద భాగం అసలు ఏ గుడి కోసమూ చేసింది కాదు. బోస్టన్‌లో ఇయోలియన్-స్కిన్నర్ అని పేరున్న ఆర్గన్ కంపెనీ ఉండేది. వాళ్లు తమ పనులకు వరుస సంఖ్య వేసుకునేవారు. 1388వ సంఖ్య వేసిన ఆర్గన్‌ను న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్ కోసం, అక్కడ 1962 సెప్టెంబరులో తెరిచిన ఫిల్హార్మోనిక్ హాలు కోసం చేశారు. ఆ ఏడాది డిసెంబరు 15న దాని తొలి కచేరీ. ఆ రోజుల్లో అమెరికాలో మహా పేరున్న ముగ్గురు, కేథరిన్ క్రోజియర్, ఇ. పవర్ బిగ్స్, వర్జిల్ ఫాక్స్, ఒకే వేదిక మీద ఒకే రోజు దాన్ని వాయించారు. ఎంత గౌరవంగా మొదలైందో చూడండి.

కానీ ఆ హాలుకు ముందునుంచీ ధ్వని దోషం ఉంది. కింది స్థాయి స్వరాలు పలచబడేవి, వాద్యకారులకే ఒకరిది ఒకరికి సరిగా వినిపించేది కాదు. ఏళ్ల తరబడి మరమ్మతులు చేశారు. 1973లో దాత పేరున దానికి ఏవరీ ఫిషర్ హాలు అని పేరు మార్చారు. 1976లో లోపలంతా పడగొట్టి, కొత్తగా కట్టారు. ఆ కొత్త లోపలి భాగంలో ఆర్గన్‌కు చోటు లేకుండా పోయింది. దానికప్పటికి నిండా పదిహేనేళ్లు లేవు. చేసిన కంపెనీ కూడా అప్పటికే మూతపడింది. అంటే పుట్టిల్లూ లేదు, మెట్టినిల్లూ లేదు.

దాన్ని కొన్నది గార్డెన్ గ్రోవ్ కమ్యూనిటీ చర్చి. మన అన్నయ్య అన్న టీవీ చర్చి అదే. రిఫార్మ్డ్ చర్చి అనే ప్రొటెస్టెంటు శాఖకు చెందిన రాబర్ట్ షూలర్ అనే పాస్టరు 1955 మార్చి 27న ఆరెంజ్ ఊళ్లో డ్రైవ్-ఇన్ సినిమా థియేటరు అద్దెకు తీసుకుని, అక్కడి తినుబండారాల కొట్టు కప్పు మీద నిలబడి తొలి ప్రసంగం చేశాడు. జనం కార్లలోనే కూర్చుని విన్నారు. ఆయన భార్య ఆర్వెల్లా ఆర్గన్ వాయించేది. 1961లో రిచర్డ్ న్యూట్రా గీసిన నమూనాతో వాళ్లు గుడి కట్టుకున్నారు. తర్వాత అందులో ఇటలీ నుంచి ఫ్రాటెల్లీ రుఫాట్టి అనే కంపెనీ చేసిన పైప్ ఆర్గన్ పెట్టుకున్నారు. ఆ గుడీ చాలక, ఫిలిప్ జాన్సన్ అనే వాస్తుశిల్పి చేత పది వేలకు పైగా అద్దాలతో, ఉక్కు చట్రంతో క్రిస్టల్ కథెడ్రల్ కట్టించారు. 1980 సెప్టెంబరులో ప్రతిష్ఠ జరిగింది. ఇప్పుడు మనం క్రైస్ట్ కథెడ్రల్ అంటున్నది ఆ గుడినే.

న్యూయార్క్ నుంచి వచ్చిన ఆర్గన్, తమ పాత గుడిలోని రుఫాట్టి ఆర్గన్, ఈ రెండింటినీ కలిపి, ఇంకా ఎన్నో కొత్త గొట్టాలు చేర్చి ఒకే మహా వాద్యం చేయాలన్న ఆలోచనకు రూపురేఖలు గీసింది వర్జిల్ ఫాక్స్. 1962లో న్యూయార్క్‌లో దాని తొలి కచేరీ చేసిన ముగ్గురిలో ఒకడు. తన కళ్ల ముందు పుట్టిన వాద్యం వీధిన పడకుండా, దానికి కొత్త ఇంట్లో ఎక్కడ చోటు ఇవ్వాలో కాగితం మీద గీసుకుంటూ కూర్చున్న ఆ మనిషి నాకు కళ్ల ముందు కనిపిస్తాడు. అది పూర్తి కావడం ఆయన చూడలేదు. 1980 అక్టోబరులో చనిపోయాడు. ఫాక్స్ ఒకప్పుడు వాయించిన న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలోనే ఆర్గన్ వాయించిన ఫ్రెడరిక్ స్వాన్ ఆ నమూనాను అందుకుని ఇంకా పెంచాడు. రుఫాట్టి వాళ్లు 1982లో పూర్తి చేశారు. హేజెల్ రైట్ అనే దాత పేరు పెట్టారు. 16 వేలకు పైగా గొట్టాలు, ఒకదాని మీద ఒకటి ఐదు వరుసల మెట్లు ఉన్న వాయించే బల్ల. గొట్టాలు ఒక్క ముందువైపే కాదు, బాల్కనీల్లో కూడా ఉన్నాయి. అందుకే మనం మధ్యలో కూర్చుంటే పాట ఎటునుంచి వస్తోందో తెలియదు. స్వాన్ 1998 వరకు అక్కడే వాయించాడు.

ఇక్కడ కాసేపు ఆగి ఆ వాద్యం ఎలా పనిచేస్తుందో చెప్పనివ్వండి. మన హార్మణీ తెలిసినవాళ్లకు ఇది కష్టమేమీ కాదు. హార్మణీలో తిత్తి గాలిని తోస్తే రీడు, అంటే నాలుక లాంటి సన్నటి ఇత్తడి రేకు, కంపిస్తుంది. ఆర్గన్‌లో కరెంటు మోటారు గాలిని పెద్ద పెట్టెల్లోకి తోస్తుంది, ఆ పెట్టెల మీద గొట్టాలు నిలబెట్టి ఉంటాయి. మెట్టు నొక్కితే ఆ గొట్టం కింద ఉన్న చిన్న తోలు కవాటం తెరుచుకుని గాలి లోపలికి పోతుంది. చాలా గొట్టాలు వేణువులా పలుకుతాయి, లోపలి గాలి స్తంభమే ఊగుతుంది. కొన్నింటిలో మాత్రం హార్మణీలో లాగే రీడు ఉంటుంది, అవి ట్రంపెట్‌లా పలుకుతాయి. గొట్టం ఎంత పొడవైతే స్వరం అంత కిందికి. అన్నిటికన్నా పెద్దవి 32 అడుగులవి. వాటి అట్టడుగు స్వరం సెకనుకు 16 సార్లే ఊగుతుంది. అది చెవికి వినబడడం కన్నా బెంచీకి ఆనించిన వీపుకు తగలడమే ఎక్కువ.

ఇలాంటి వాద్యానికి అద్దాల మేడ అత్తారిల్లు లాంటిది. గాలి వేడెక్కితే వేణువు జాతి గొట్టాల శృతి పైకి పోతుంది. పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే అర స్వరంలో దాదాపు మూడో వంతు తేడా వస్తుంది. రీడు ఉన్న గొట్టాలు అంతగా కదలవు. దాంతో ఒకే వాద్యంలో కొన్ని గొట్టాలు ఒక శృతిలో, మిగతావి ఇంకో శృతిలో ఉంటాయి. పైగా చాలా గొట్టాలు తగరం, సీసం కలిపి చేసినవి, మెత్తటి లోహం. ఏళ్ల తరబడి ఎండ వేడిలో నిలబడితే తమ బరువుకు తామే కుంగిపోతాయి. తోలు ఎండి పగులుతుంది. చెక్కకు చెదలు. దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. 30 ఏళ్లలో దానికి ఇవన్నీ జరిగాయి.

2010లో ఆ చర్చి దివాలా తీసింది. అప్పులవాళ్లలో దానికి ఏళ్లుగా పనిచేసినవాళ్లే చాలామంది. అక్కడి చాప్‌మన్ విశ్వవిద్యాలయమూ, మన ఆరెంజ్ మేత్రాసనమూ (ఇక్కడి బిషప్పు పాలనలోని కాథలిక్ పరిధి) ఆ ఆవరణ కోసం పోటీపడ్డాయి. 2011 నవంబరులో కోర్టు అనుమతితో మేత్రాసనం 5 కోట్ల 75 లక్షల డాలర్లకు కొన్నది. ఎప్పటికీ అది ప్రార్థనాలయంగానే ఉండాలన్నది షూలర్ కోరిక. మేత్రాసనం అప్పటికి శాంటా అనాలో కొత్త కథెడ్రల్ కట్టాలని చూస్తోంది. ఇది దొరకగానే ఆ ఆలోచన మానుకున్నారు. ఇంకో సంగతి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. 2013లో ఆ చర్చివాళ్లు అక్కడికి దగ్గర్లోని మన సెయింట్ కలిస్టస్ విచారణ గుడిలోకి మారారు, సెయింట్ కలిస్టస్ విచారణ వాళ్లు ఈ ఆవరణకు వచ్చారు. ఇరుగుపొరుగు ఇళ్లు మార్చుకున్నట్టు రెండు మందలు గుళ్లు మార్చుకున్నాయి. ఆ రోజు రెండువైపులా కళ్లు చెమర్చి ఉంటాయనే నేను అనుకుంటాను. సొంత గుడి విడిచి పోవడం ఎవరికైనా కష్టమే.

అదే ఏడాది ఆర్గన్‌ను గొట్టం గొట్టంగా విప్పి, పెట్టెల్లో సర్ది, ఓడకెక్కించి ఇటలీ పంపారు. ఎక్కడికో తెలుసా? పాదువాకు. రుఫాట్టి వాళ్ల కార్ఖానా ఉన్నది ఆ ఊళ్లోనే. మన ఊళ్లలో మంగళవారం నవదిన జపాలు చెప్పుకునే పాదువాపురి పునీత అంతోనివారి ఊరు. పోయిన వస్తువు దొరకాలని మన అమ్మలు ఎవరికి మొక్కుకుంటారో, ఆయన సమాధి ఉన్న ఊరికి ఈ ఆర్గన్ బాగుపడడానికి వెళ్లింది. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. ఈ సంగతి తెలిసిన రోజున నాకు చాలాసేపు నోట మాట రాలేదు.

బాగై తిరిగి వచ్చినా, గుడి పనులు పూర్తి కాక గోదాములో ఎదురుచూసింది. ఈలోగా గుడి లోపలి అద్దాల గోడలకు తెల్లటి లోహపు రెక్కలు, వేలకొద్దీ, అమర్చారు. మీరు చూసే ఉంటారు, నాలుగు రేకల పువ్వుల్లా ఉంటాయి. అవి అందానికే అనుకుంటాం. ఎండను లెక్కగా లోపలికి రానిస్తాయి, వేడి తగ్గిస్తాయి. అంటే ఆర్గన్‌ను పాడుచేసిన ఇంటినే ముందు బాగుచేశారు. 2019 జూలై 17న గుడి ప్రతిష్ఠ జరిగింది. ఆ తర్వాత గొట్టాలు ఒక్కొక్కటీ నిలబెట్టి, ఒక్కొక్కదాని గొంతు సవరించి, శృతి చేసే పని. మధ్యలో కరోనా. 2022లో గాని అది మళ్లీ నిండు గొంతుతో పలకలేదు. తొమ్మిదేళ్లు మూగగా ఉంది. ఆ ఏడాది నవంబరులోనే స్వాన్ కన్నుమూశాడు.

ఇప్పుడు చెప్పండి, దాన్ని పాత సామాను అని ఒక్క మాటతో తీసేయగలమా?

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి, తప్పించుకోను. "ఆ మిలియన్లతో మన ఊళ్లో ఎన్ని గుళ్లకు కప్పులు వేయొచ్చు" అని ఆ రోజు ఒక అక్క అడిగింది. ఆ ప్రశ్న నన్నూ పొడుస్తుంది. మా ఊరి గుడికి రేకుల కప్పు ఉన్న రోజుల్లో వాన పడితే పూజ వినబడేది కాదు. ఆ అక్కకు పూర్తి జవాబు నా దగ్గర లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఇంత పెద్ద ఆర్గన్ కొత్తగా చేయించాలంటే బాగుచేసిన ఖర్చుకు ఎన్నో రెట్లు అవుతుంది. బాగుచేయకుండా వదిలేస్తే 16 వేల గొట్టాలు సీసం ధరకు, తగరం ధరకు పోయేవి. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం మన తాతల పద్ధతి. చినిగిన చీరను బొంతగా కుట్టుకునే ఇళ్లలో పుట్టినవాళ్లం, పాతదాన్ని చిన్నచూపు చూడడం మనకు ఎప్పుడు అలవాటైంది?

కీబోర్డు సంగతి. నేను దానికి విరోధిని కాను. మన తెలుగు పూజలో తబలా, కీబోర్డు ఉండాల్సిందే, ఆ పాటలు అలాగే అందం. కానీ రెండవ వాటికన్ మహాసభ 1963లో పూజా సంస్కరణ పత్రంలో పైప్ ఆర్గన్‌ను ప్రత్యేకంగా పేరు పెట్టి గౌరవించింది. అదే చోట, ఆయా ప్రాంతాల వాద్యాలకూ తలుపు తెరిచింది. మన హార్మణీ గుడిలోకి వచ్చిన తలుపూ, ఈ ఆర్గన్ నిలబడ్డ తలుపూ ఆ పత్రంలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్ని పొగడడానికి ఇంకొకదాన్ని తగ్గించనక్కర్లేదు.

మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు నేను ఆ గుడికి తీసుకెళ్లాను. ఆయనకు ఇంగ్లిషు రాదు. పూజలో ఏ భాగం నడుస్తోందో భాష లేకుండానే తెలుసు. చివర్లో ఆర్గన్ ఎత్తుకుంది. జనం లేచి పోతున్నారు. నాన్న లేవలేదు. అరచెయ్యి బెంచీ మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. 32 అడుగుల గొట్టాలు పలుకుతుంటే ఆ చెక్క వణకడం నాకూ తెలుస్తోంది. కాసేపటికి నావైపు వంగి, "తిత్తి ఎవరు కొడుతున్నారమ్మా?" అని అడిగాడు. మోటారు నాన్నా అన్నాను. "అయ్యో, మనిషిని పెట్టుకోవాల్సింది" అన్నాడు. తర్వాత వాయించేవారి దగ్గరికి వెళ్లి చేతులు జోడించి నిలబడ్డాడు. వారు పక్కకు జరిగి ఆ మెట్లు చూడనిచ్చారు. నాన్న ఒక మెట్టు మీద వేలు పెట్టి, నొక్కకుండా, గుంట ఉందేమోనని తడిమాడు.

అందుకని మిమ్మల్ని అడగదలచుకున్నవి కొన్ని ఉన్నాయి. ఆ గుడిలో ఇంగ్లిషులో, స్పానిష్‌లో, వియత్నామీస్‌లో, చైనీస్‌లో పూజలు జరుగుతాయి. వియత్నాం వాళ్లు అదే ఆవరణలో తమ లావాంగ్ మాతకు పుణ్యక్షేత్రం కట్టుకున్నారు. వాళ్లది అనుకున్నారు కాబట్టే అది వాళ్లదైంది. మనం మాత్రం ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఫొటోలు తీసుకోవడానికి వెళ్తాం. చివరి ఆశీర్వాదం కాకముందే కారు తాళాలు చేతిలోకి తీసుకుంటాం. ఆ ఐదు నిమిషాలు కూర్చోండి. అంతకన్నా పెద్ద కోరిక కాదు.

మన పిల్లల్లో పియానో నేర్చుకునేవాళ్లు ఇంటికొకరు ఉన్నారు. ఒక్కరినైనా ఆ వాయించే బల్ల దగ్గరికి తీసుకెళ్లండి. చేతులతోనే కాదు, కాళ్లతో కూడా వాయించాలని తెలిస్తే వాళ్ల కళ్లు ఎంత పెద్దవవుతాయో చూడండి. ఈ రోజుల్లో ఆర్గన్ వాయించేవాళ్లు దొరకడమే కష్టంగా ఉంది. మన పిల్లల్లోంచి ఒకరు ఎందుకు కాకూడదు?

ఇంకోటి. ప్రతి క్రిస్మస్‌కు మనం చందాలు వేసుకుంటాం. అందులోంచి పదో వంతు ఆ ఆర్గన్ నిర్వహణకు ఇద్దామని నా ప్రతిపాదన. శృతి చేయడం ఒక్కసారితో అయ్యే పని కాదు, అది ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఇంకో పదో వంతు మన ఊళ్లలో మూలపడ్డ హార్మణీలు బాగుచేయించడానికి పంపుదాం. కప్పుల గురించి అడిగిన అక్క ఒప్పుకుంటే ఆ లెక్క ఆమే చూడాలని నా కోరిక. దీని కథ తెలుగులో ఒక్క కాగితం మీద రాసి, వచ్చే అమ్మానాన్నల చేతిలో పెట్టే పని నాకు వదిలేయండి. ముందు అది కథెడ్రల్ వాళ్లకు చూపించి, తప్పులుంటే దిద్దించుకుంటాను.

పాత సామాను అన్న అన్నయ్యకు ఒక్క మాట. మీరు వచ్చే ఆదివారం పిల్లలిద్దరినీ తీసుకుని రండి. నేను మధ్య వరసలో, కుడివైపు చివర కూర్చుంటాను. నా పక్కన మూడు చోట్లు పట్టి ఉంచుతాను. పూజ అయ్యాక బెంచీ మీద అరచెయ్యి ఆనించి ఉంచమని పిల్లలకు ముందే చెప్పండి.

మీ చెల్లెలు,
పల్నాడు ఉపదేశి కూతురు